ఒదుగు లెక్క

మినప్పప్పు కొనడానికి వెళ్లి కిలో ఎంత అని అడిగేవాళ్లు కొత్తవాళ్లు. ఏళ్ల తరబడి ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతున్నదాన్ని కాబట్టి నేను ముందు అడిగేది దాని ఒదుగు గురించి. ఒక పప్పు నానబెట్టి రుబ్బితే నురగలా ఉబ్బి గ్రైండర్ గిన్నె అంచు దాకా వస్తుంది. ఇంకో పప్పు కిలోకు పది రూపాయలు తక్కువే ఉంటుంది కానీ, ఎంత రుబ్బినా అడుగునే కూర్చుంటుంది. చవకని కొన్న పప్పు గిన్నెలోకి వచ్చేసరికి ప్రియమవుతుంది.

ఈ ముక్క నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. నేను బడికే పోలేదు. చిన్నప్పుడు లాల్‌గడి మలక్‌పేట్‌లో కాలి జబ్బుతో మంచం పట్టి ఉంటే, బాపు పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని నా పక్కన కూర్చుని అక్షరాలు దిద్దించేవాడు. లెక్కలు మా అవ్వ నేర్పింది. ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా ఎంత బియ్యం పొయ్యెక్కించాలో చెప్పడానికి ఆమెనే పిలిచేవారు. గుప్పెడు బియ్యం చేతిలోకి తీసుకుని, రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికి, ఇవి ఇంత ఒదుగుతయి అని చెప్పేది. ఆ చదువు, ఈ లెక్క వాళ్లిద్దరూ నాకు పెట్టిన భిక్ష. ఆ భిక్షతోనే నేను మా గుండ్లపోచంపల్లి ఇంటి మీద సోలార్ ఎక్కించాను. ఎక్కించాము అనాలేమో. మా ఆయన ఇది చదివితే నవ్వుతాడు గానీ కాదనడు.

మాది గోదాముల వెనక వీధి. గాలి గట్టిగా వీస్తే చాలు, కరెంటు పోతుంది. నా పనేమో సాయంత్రం నాలుగింటికి మొదలవుతుంది. అప్పటికి పప్పు నాని ఉంటుంది. రుబ్బి, ఉప్పు కలిపి, రాత్రంతా పొంగనిచ్చి, తెల్లవారకముందే హైవే పక్కన ఉన్న టిఫిన్ సెంటర్‌కు పంపాలి. అది నడిపే ఆవిడను నేను అక్కా అంటాను, నన్ను ఆమె చెల్లె అంటుంది. గోదాముల్లో రాత్రి డ్యూటీ దిగినవాళ్లకు మొదటి ముద్ద ఆమె చేతిదే. నేను రుబ్బే పిండిలో సగానికి పైగా ఆమెకే పోతుంది. మా ఇంటి బియ్యం, మా పాప కాలేజీ ఫీజు అందులోంచే వస్తాయి.

ఆ ఎండాకాలంలో కరెంటు పదేపదే పోయింది. ఒకసారి సగం రుబ్బిన పప్పు గ్రైండర్‌లోనే వేడెక్కి పాడైంది. ఇంకోసారి ఫ్రిజ్ ఆగిపోయి పొంగిన పిండి పులిసిపోయింది. అక్క డబ్బాలు వాపసు పంపలేదు. తనే స్వయంగా మా ఇంటికి వచ్చింది.

"చెల్లె, నీ పిండి మంచిదే. నీ కరెంటే మంచిది గాదు. పొద్దుగాల నా కాడ మనుషులు ప్లేట్లు పట్టుకొని నిలవడ్తరు. వాళ్లకు కరెంటు కథ జెప్పాల్నా? ఇంకొక్కపారి గిట్ల అయిందంటే మేడ్చల్‌కెళ్లి ప్యాకెట్ పిండి తెప్పిచ్చుకుంట. కోపం జేస్కోకు."

కోపం ఎందుకు వస్తుంది? చెప్పకుండా మానేయకుండా, మాట ముందే చెప్పినందుకు ఆమెకు దండం పెట్టాలి. కానీ భయం మాత్రం గట్టిగా పట్టుకుంది.

సోలార్ మాట తెచ్చింది మా మరిది. ప్లాట్ల బేరాలు చేస్తాడు. ఏ వస్తువు కావాలన్నా అతనికి తెలిసినవాడు ఒకడు ఉండనే ఉంటాడు. మా పై వాటాలోనే ఉంటాడు కాబట్టి చాయ్‌కి కిందికి వచ్చి కూర్చున్నాడు.

"వదినా, పరేషాన్ గాకు. సోలార్ పెట్టిద్దాం. మనోడే ఉన్నడు. సర్కారు సబ్సిడీ పోంగ లక్షా ఇరవైల అయిపోతది. బిల్లు సున్న!"

"కరెంటు పోయినప్పుడు నా గ్రైండర్ నడుస్తదా?" అని అడిగాను.

"నెత్తి మీద ఎండ మండుతుంటే కరెంటెట్ల పోతది వదినా? సూర్యుడు గూడ కోత పెడ్తడా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వయ్యాక చూస్తే నా ప్రశ్న అక్కడే ఉంది.

రోజూ పొద్దున్నే స్నానం చేసి డాబా మీద సూర్యుడికి చెంబుతో నీళ్లు విడవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ మర్నాడు నీళ్లు విడుస్తూ అనుకున్నాను, ఈ స్వామి అడక్కుండానే రోజూ ఇంత ఇస్తున్నాడు, పట్టుకునే గిన్నె సరిగ్గా చూసుకోవలసింది మనమే. కిందికి దిగి మరిదితో చెప్పాను, వండిన అన్నం చూడకుండా నేను బియ్యం కొనను, మీవాడు పెట్టిన ఇల్లు ఒకటి చూపించు అని.

అతను విసుక్కోకుండా కారులో శామీర్‌పేట చెరువు దాటించి అలియాబాద్ తీసుకువెళ్లాడు. పొలం కొంత లేఅవుట్‌కు ఇచ్చి కొత్త ఇల్లు కట్టుకున్న ఒక పెద్దాయన ఇల్లు అది. మిట్ట మధ్యాహ్నం. డాబా మీద ప్యానెళ్లు కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. ఆయనేమో అరుగు మీద కూర్చుని పేపరు మడిచి విసురుకుంటున్నాడు. లైను మరమ్మతు ఉందని ఊళ్లో కరెంటు తీసేశారట. నా ప్రశ్నకు జవాబు చూపించడానికి ఆ స్వామి అంతకంటే మంచి వేళ ఎంచలేడు.

"రాండ్రి, రాండ్రి. సోలార్ సూడొచ్చిన్రా? సూడుర్రి మంచిగ. పైన నిప్పులు గురుస్తున్నయి, కింద నేను పేపరుతోని విసురుకుంటున్న."

"గదేంది పెద్దనాయినా, ఖరాబైందా?" అన్నాడు మా మరిది.

"ఖరాబు గాలే. బరాబర్ ఉంది. లైన్ల కరెంటు పోతే ఇది గూడ బందైతదట. స్తంభం మీద పని జేసేటోనికి మన కరెంటు తగలొద్దని గట్ల పెట్టిన్రట. ధర్మమే గదా! గని పెట్టేటప్పుడు నాకెవ్వడు జెప్పిండు? బిల్లు మాత్రం తక్కువనే వస్తాంది, అబద్ధమాడొద్దు."

"బ్యాటరీ పెట్టించుకోలేదా పెద్దనాయినా?" అని నేను అడిగాను.

"నాకెందుకమ్మా? ఉన్నది నేను, మా ముసల్ది. ఉక్కపోస్తే పోయి చెట్టు కింద కూసుంటం. నువ్వేం పని జేస్తవు?"

"ఇడ్లీ పిండి రుబ్బుతా."

"అయితే నీకు గావాలె. పిండి చెట్టు కింద కూసోదు గదా."

మాకు చల్లటి నీళ్లిచ్చి, మళ్లొకసారి రమ్మని మరీ పంపాడు. తిరిగి వచ్చేటప్పుడు తూముకుంట దగ్గర మా మరిది కారు నెమ్మది చేశాడు. "నాకు నిజంగనే తెల్వదు వదినా. వాడు జెప్పలే," అన్నాడు. నువ్వు తీసుకురాకపోతే నాకూ తెలిసేది కాదయ్యా అన్నాను. మాటవరసకు అనలేదు.

ఆ తర్వాత ఇంకో ఇద్దరిని పిలిపించాను. ఒకాయన ప్యానెళ్లతో పాటు, ఇన్వర్టర్లకు పెట్టే నీళ్లు పోసే రకం బ్యాటరీలు పెడతానన్నాడు. మొత్తం రెండున్నర లక్షలు. లైనుతో కలపడు కాబట్టి దానికి సబ్సిడీ రాదు. ఇంకో ఆయన లైనుతో కలుపుతానన్నాడు, లిథియం బ్యాటరీ పెడతానన్నాడు, ఇల్లు మొత్తం ఏసీతో సహా నడుస్తుందన్నాడు. సబ్సిడీ పోగా నాలుగు లక్షల పైచిలుకు. ఆ మాట వినగానే మా ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"నీళ్ల బ్యాటరీదే తీస్కుందామే. బ్యాటరీ ఉన్నట్టైతది, అగ్గువకొస్తది," అన్నాడు.

నేను కిలో ధర దగ్గర ఆగే మనిషిని కాదు కదా. బ్యాటరీ నిండా నింపితే నా చేతికి ఎంత వస్తుంది, ఎన్నేళ్లు వస్తుంది అని ఇద్దరినీ అడిగాను. నీళ్ల బ్యాటరీ ఆయన దాచకుండా చెప్పాడు. "సగం దాకనే వాడుకోవాలమ్మా. అంతకన్న కిందికి దించితే జల్దీ పోతది. మంచిగ చూస్కుంటే నాలుగైదేండ్లు." లిథియం ఆయన దాదాపు అంతా వాడుకోవచ్చన్నాడు, పదేళ్ల దాకా చూసుకోనక్కర్లేదన్నాడు. అంటే ఒక పప్పు సగం గిన్నె అవుతోంది, ఇంకోటి నిండు గిన్నె అవుతోంది. పైగా సగం గిన్నె పప్పును మళ్లీ ఒకసారి కొనాలి. ఒదుగు మీద చూస్తే ప్రియమైనదే అగ్గువ. మా ఆయనకు పప్పు లెక్కలోనే చెప్పాను. వెంటనే ఒప్పుకున్నాడు. "సరే గని, గన్ని పైసలు యాడికెళ్లి తెస్తం?" అన్నాడు.

అదీ నిజమే. మంచి పప్పు ఏదో తెలిసింది గానీ బస్తా కొనే శక్తి లేదు.

రెండు రోజులు అదే ధ్యాస. అప్పుడు మా అవ్వ గుర్తొచ్చింది. పెళ్లివారు వచ్చి ఎన్ని బస్తాలు తెప్పించాలి అంటే ఆమె బస్తాల మాట ఎత్తేది కాదు. ముందు పిలుపులు ఎవరెవరికి అని అడిగేది. నేనూ అదే అడుక్కున్నాను. కరెంటు పోయినప్పుడు మా ఇంట్లో ఎవరెవరికి పిలుపు? ఏసీకి ఎందుకు? గీజరుకు ఎందుకు? టీవీ గంటసేపు ఊరుకుంటే ఎవరికీ ఏమీ కాదు. గ్రైండర్‌కు పిలుపు కావాలి, ఫ్రిజ్‌కు కావాలి. ఒక ఫ్యాను, రెండు లైట్లు. అంతే పంక్తి.

లిథియం ఆయన్ను మళ్లీ పిలిచి, వీటికి మాత్రమే వేరే లైను లాగితే బ్యాటరీ ఎంత సరిపోతుందని అడిగాను. ఫోన్‌లో లెక్క చూసుకుని, "సగం గూడ అక్కర్లేదమ్మా," అన్నాడు.

"ఇంకోటి బాబూ. గ్రైండర్ వేసినప్పుడల్లా వంటింట్లో లైటు ఒక్క క్షణం మసకేస్తది. గప్పుడు మీ మిషన్ ఆగిపోదు గదా?"

"మంచి మాట అడిగిన్రు. మోటారు లేచేటప్పుడు మస్తు గుంజుతది. ఓపారి నడిపియ్యండి, చూస్త."

పప్పు వేసి నడిపించాను. ఆయన వైరుకు మీటరు తగిలించి చూశాడు. అనుకున్నదాని కంటే ఒక సైజు పెద్ద ఇన్వర్టర్ పెట్టాలన్నాడు. దానికి కొంత పెరిగినా, బ్యాటరీ చిన్నదయ్యేసరికి మొత్తం ఆ నీళ్ల బ్యాటరీ ధరకు కాస్త అటూ ఇటూగా వచ్చి నిలిచింది. పిండి డబ్బులతో కడుతున్న చిట్టీ ఎత్తాను. తక్కువైనది మా ఆయన కలిపాడు. "మీ అవ్వ ఉంటే కరెంటు ఆఫీసోళ్లకు గూడ పాఠం జెప్తుండె," అన్నాడు. ఆ మాట కోసం నేను ఎదురు చూడలేదు. వచ్చాక మాత్రం దాచుకున్నాను.

ప్యానెళ్లు బిగించిన రోజు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాం. మెయిన్ దించి గ్రైండర్ నడిపి చూపించాకే మిగతా డబ్బు ఇచ్చాను. నడిచింది. అయినా నా గుండెలో బరువు పూర్తిగా దిగలేదు. చూపించడానికి నడవడం వేరు, అక్కరకు నడవడం వేరు.

ఆ అక్కర తొలకరికి ముందే వచ్చింది. ఒక సాయంత్రం గ్రైండర్‌కు బొట్టు పెట్టి, పప్పు వేసి, మూత పెట్టానో లేదో మేడ్చల్ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. దుమ్ము లేచింది. ఏదో గోదాము రేకు లేచి రోడ్డు మీద పడిన చప్పుడు. వెంటనే వాన. నేను గబగబా కిటికీలు మూసి వచ్చి, పక్కింటి టీవీ వినిపించడం లేదేమిటా అనుకున్నాను. అప్పుడు తెలిసింది, వీధి వీధంతా కరెంటు పోయిందని. నా గ్రైండర్ మాత్రం తనకేమీ పట్టనట్టు తిరుగుతోంది. పైన ఎండ లేదు. మధ్యాహ్నం దాకా ఆ స్వామి ఇచ్చింది బ్యాటరీలో దాగి ఉండి తిప్పుతోంది. చేతులు రెండూ వాటంతట అవే జోడించుకున్నాయి.

మా మరిది తడుస్తూ మెట్లు దిగి వచ్చాడు.

"వదినా! మీకు కరెంటున్నది! జర ఏసీ ఎయ్యరాదు."

"ఏసీకి పిలుపు లేదయ్యా. గా ఫ్యాను కింద కూసో, చాయ్ పెడ్త."

"గింత ఖర్చు పెట్టి ఏసీ రాకపాయె," అని గొణుగుతూనే కూర్చున్నాడు. కూర్చుని, ఎవరికో ఫోన్ చేసి, "మా వదిన పెట్టిచ్చింది. సోలార్ పెట్టిచ్చేదుంటే ముందుగాల వచ్చి మా వదినను అడుగురి," అని చెప్పడం పొయ్యి దగ్గర నాకు వినిపించింది. విననట్టే చాయ్ వడగట్టాను.

నా ఫోనూ మోగింది. టిఫిన్ సెంటర్ అక్క.

"చెల్లె, గాలికి ఈడంత చీకటైంది. మీ దిక్కు గూడ పోయిందట గదా. నిజం జెప్పు, రేపటికి ప్యాకెట్ పిండి జెప్పుకోవాల్నా?"

ఫోన్ తీసుకెళ్లి గ్రైండర్ పక్కన పెట్టాను. కాసేపు అలాగే పెట్టి మళ్లీ చెవి దగ్గరికి తెచ్చుకున్నాను.

"ఏంది గా చప్పుడు?"

"నీ రేపటి ఇడ్లీ అక్కా."

అవతల ఆమె నవ్వు ఎంతసేపు వినిపించిందో! "మంచిగ బతుకు బిడ్డా," అంది ముందు. వెంటనే బేరంలోకి దిగింది. "ఎల్లుండికెళ్లి ఇంకో రెండు కిలోలు ఎక్కువ నానబెట్టు. ప్యాకెట్లోళ్ల జోలికి పోను ఇగ."

ఫోన్ పెట్టి గ్రైండర్ మూత తీశాను. ఈసారి పప్పు మంచిది దొరికింది. తెల్లగా నురగ కట్టి గిన్నె అంచు దాకా వచ్చింది.