మూడో చుక్క

సోమవారం, కార్తీకం చివరి వారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. మిద్దె మీది నీళ్ల తొట్టి కడిగి, అడుగున పేరుకున్న మడ్డి తీశాను. చేతులు తుడుచుకుంటూ ఉంటే ఫోను మోగింది. కుప్పం నుంచి మా మామ కూతురు.

"బావా, నాయన పోయినాడు. కాఫీ తీసుకోని పోతే లేయలా."

నేను మదనపల్లెలో ఉంటాను. టమోటా యార్డులో ఏ బండి ఎప్పుడు వచ్చిందో రాసుకునే పని. ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. చదువు ఎనిమిదితోనే ఆగిపోయింది. తర్వాత నేర్చుకున్న నాలుగు ముక్కలూ మా అమ్మ తమ్ముడైన ఈ మామ చలవే. పుంగనూరు బస్టాండు వెనక సందులో ఆయనకు గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. ఇది చదివేవాళ్లలో కొందరి చేతి గడియారాలు ఆయన బల్ల మీద ఒక వారమైనా పడుకుని ఉంటాయి.

ఆ రోజు కుప్పం బస్సు పుంగనూరులో ఆగినప్పుడు తలెత్తి చూడలేకపోయాను. ఎందుకో కిందికి పోయేకొద్దీ చెబుతాను.

మామకు ఒక కంట్లో శుక్లం ముదిరిపోయింది, రెండో కంట్లో మొదలైంది. అయినా ఆకాశం వదల్లేదు. నాకు పెళ్లికాక ముందు ఒక పెద్ద తోకచుక్క వస్తే, అది ఫలానా రోజు ఫలానా చోట కనబడుతుందని పేపర్లో ముందే వేశారు. సరిగ్గా అక్కడే కనబడింది. "వాళ్లకెట్ల తెలిసిందప్పా?" అన్న ప్రశ్న ఆయన్ని ముప్పై ఏళ్లకు పైగా పట్టుకుంది. చనిపోయేలోపల ఒక్కసారి, ఫోనూ పేపరూ చూడకుండా, తన చుక్కలతో తాను దారి గీసి, ఒక తోకచుక్క ఎక్కడ ఉంటుందో ముందుగా చెప్పాలి. ఆయన కోరిక అంతే.

ఆయన పద్ధతి సులువైనది. చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, తెలిసిన నక్షత్రం నుంచి తోకచుక్క ఎన్ని వేళ్ల దూరంలో ఉందో కొలవాలి. గళ్ల కాగితం మీద అడ్డంగా రోజులు, నిలువుగా అది జరిగిన వేళ్లు. రోజుకొక చుక్క. మూడు చుక్కలు పడ్డాక పాత గోడగడియారం స్ప్రింగు ముక్కను వాటి మీద ఆనిస్తాడు. అది ఎలా వంగితే దారి అలా ఉంటుంది. "రెండు సుక్కలకి ఏ గీతైనా ఒప్పుకుంటాది. మూడోది సాక్షి," అనేవాడు.

వెలుగు కొలవడమూ ఆయనే నేర్పాడు. బైనాక్యులరు ఫోకసు తిప్పి, పక్కనున్న నక్షత్రాలను కూడా తోకచుక్క అంత మసకగా చేసి, అప్పుడు దేనికి సమానమో చూడాలి. "నక్షత్రం సూది, తోకసుక్క దూది. దూదిని దూదితోనే తూచాల." తన అంచనా చెప్పేముందు నన్ను రాసుకోమనేవాడు. నాది ఆయనదానితో కలవకపోతే సంతోషించేవాడు. "కలిసిందంటే నువ్వు నన్ను సూసినట్టు, దాన్ని కాదు."

కొత్త పెన్సిలు కొనగానే వెనకనున్న రబ్బరు కోసి పారేసేవాడు. రబ్బరుండే పెన్సిలు దొంగ చేతికిచ్చిన తాళమట. మబ్బు పడితే 'కనపడలేదు' అని రాయాలి. అది కూడా చూపే అనేవాడు.

మొన్న దసరా వెళ్లాక సాయంత్రాల్లో పడమట శుక్రుడికి పైన తోకచుక్క వచ్చినప్పుడు, ఆయనకు అది కనబడీ కనబడనట్టు ఉంది. కొలిచే పని నాకు అప్పజెప్పాడు. మా మిద్దె మీది నుంచి రెండు రోజులు కొలిచి ఫోనులో చెప్పాను. తర్వాత మబ్బులు కమ్మాయి. ఇంకో పక్క కూతురు ఆయన్ని కుప్పం తీసుకుపోవడానికి వచ్చేసింది. కొట్టుకు తాళం వేశారు. ఇక అక్కడే ఉండాలి.

బయలుదేరే ముందు రోజు మధ్యాహ్నం ఆయన ఫోను.

"అల్లుడా, తెల్లారితే కుప్పం పోతాండాము. ఆ మూడోది ఈ పొద్దు సెప్పినావంటే ఈ ఇంట్లోనే గీసేసి పోతా. యాడికిపోయినా మళ్లా ఈ బల్ల దొరకదు."

సాయంత్రం మిద్దె ఎక్కాను. పడమరంతా బూడిద కుప్పలాగా ఉంది. శుక్రుడు కూడా లేడు. చీకటి పడేదాకా నిలబడి దిగాను. నా దినచర్యలో రాసుకున్నాను: "మబ్బు. ఏమీ కనపడలేదు." పుస్తకం మూసి, ఆయనకు ఫోను చేసి, పన్నెండు వేళ్లు అన్నాను. మొదటి రెండు చుక్కల మధ్య ఎంత నడిచిందో అదే లెక్కన ముందుకు జరిపాను. ఆయన బల్ల ముందు కూర్చుని ఎదురుచూస్తుంటాడని తప్ప వేరే ఆలోచన లేదు.

"బాగా సూసినావా?"

"సూసినా మామా."

అటువైపు కాగితం సవరించుకున్న చప్పుడు.

"సరే. నీ కన్ను మంచిది," అన్నాడు.

సూర్యుడి దగ్గర పరుగు, దూరమయ్యేకొద్దీ నడక. ఇది కూడా ఆయన చెప్పిందే. నాకు ఆ సాయంత్రం గుర్తు రాలేదు. నేను చెప్పిన చుక్కతో తోకచుక్క పరుగు తగ్గనే లేదు.

కుప్పంలో మామ పక్కింటివాళ్లను మిద్దె మీదికి పిలిచాడు. శుక్రవారం అది ఫలానా రెండు నక్షత్రాల నడుమకు వస్తుందని చెప్పాడు. నేనూ వెళ్లాను. అందరూ మెడలెత్తారు. అక్కడ ఏమీ లేదు. బైనాక్యులరు పట్టుకుని వెతికితే, అది చాలా కింద, నింపాదిగా ఉంది.

"ఏం తాతా, నీ తోకసుక్క బస్సు తప్పిపోయిందా?" అని పక్కింటాయన నవ్వాడు.

"డ్రైవరు ముసలోడు కదప్పా," అని మామ కూడా నవ్వాడు. అందరూ దిగిపోయాక మెట్ల మీద నా భుజం పట్టుకుని అన్నాడు, "కన్ను పోయిందనుకుంటి అల్లుడా. బుద్ధి కూడా పోయినట్టుండాది."

అప్పుడు చెప్పాల్సింది. ఇంకా పది మెట్లు ఉన్నాయి. ఒక్కో మెట్టుకూ చెబుదామనుకుని కిందికి వచ్చేశాను.

ఆ తర్వాత ఆయన కాగితం తియ్యలేదని మరదలు చెప్పింది. గడియారాలు ఇచ్చినా వద్దన్నాడట. "నా సేతికి ఇయ్యొద్దు, సెడగొడతా" అన్నాడట. ఒక్క నెల బతికాడు.

దినం రోజు ఆమె ఒక గళ్ల పుస్తకం నా చేతిలో పెట్టింది. "నీకే ఇయ్యమన్నాడు బావా. నీ కొలతలు సరిగ్గానే ఉండాయంట, తప్పు ఆయనదంట."

కిటికీ దగ్గర కూర్చుని తెరిచాను. మొదటి చుక్క, రెండో చుక్క. మూడో రోజుకు ఎదురుగా నేను చెప్పిన పన్నెండు. దాని కింద, అదే రోజు నిలువు గీత మీద, కాగితం కాస్త గరుకుగా తగిలింది. గడియారాల సన్న బ్లేడుతో ఏదో గీకేశాడు. పుస్తకంలో ఇంకెక్కడా గీకుడు లేదు. వేలితో తడిమితే పెన్సిలు మొన నొక్కిన గుంట తెలిసింది.

"మీరు బయలుదేరే ముందు సాయంత్రం మామ మిద్దె ఎక్కినాడా?" అని మరదలిని అడిగాను.

"ఎక్కినాడు. వద్దంటే ఇన్లా. మబ్బు సందులో కనపడిందని సిన్నపిల్లోని మాదిరి దిగొచ్చినాడు. తర్వాత నువ్వు ఫోను సేసినావు."

స్ప్రింగు ముక్క పుస్తకంలోనే ఉంది. మొదటి చుక్క, రెండో చుక్క, ఆ గుంట. ఆనించాను. ఎక్కడా బలవంతం చేయకుండా వంగింది. కొసను శుక్రవారం దాకా జరిపాను. నేను బైనాక్యులరులో చూసిన చోటికే వెళ్లి ఆగింది.

నా కన్ను మంచిదని తన చూపును గీకేసుకున్నాడు.

మరదలికి అంతా చెప్పాను. ఆమె చాలాసేపు పుస్తకం వైపు చూసింది. "ఆయనకి సెప్పింటే బాగుండు బావా," అంది. ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆ తోకచుక్క దారిని మా మామ సరిగ్గా పట్టుకున్నాడు. కన్నూ పోలేదు, బుద్ధీ పోలేదు.

ఆ పేజీని కిటికీకి ఎత్తి పట్టుకుంటే, గీకిన చోట కాగితం పలచబడి, అక్కడ మాత్రం వెలుగు దిగుతుంది. మిగతా చుక్కలన్నీ నల్లగా ఉంటాయి.

శనివారం. ఆకాశం తేట. గాలి లేదు. సాయంత్రం మిద్దె ఎక్కాను. పడమట బైనాక్యులరులో దూది, చాలా మసక. శ్రవణ నక్షత్రం నుంచి రెండు వేళ్లు. మామ పుస్తకంలో చుక్క పెట్టాను. తొట్టిలో నీళ్లు తేటగా ఉన్నాయి.