పనికిరాని భూమి

చర్ల నుంచి భద్రాచలం వచ్చే బస్సులో, పక్కన కూర్చున్న పెద్దావిడ కొంగుముడి విప్పి ఒక నోటీసు నా చేతిలో పెట్టింది. "నాకు చదువు రాదు బిడ్డా. జర ఇది చదివి చెప్పు," అంది.

మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. అది నేను రాసిన వాక్యమే, అటవీ శాఖ నోటీసులో యథాతథంగా దింపారు. అంతకు ముందు ఏడాది, ఆసియా ఖండమంతటికీ తయారైన సుస్థిర అభివృద్ధి విధానపత్రాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేశాను. ఒక మాటకు సరైన తెలుగు దొరక్క, 'పనికిరాని భూములు' అని రాసి ఊరుకున్నాను. ఇప్పుడు ఆ భూముల్లో అడవి పెంచుతారట. అడవి కొట్టి సాగుచేసుకున్న ఆమె పోడు చేను నెలలోపు ఖాళీ చేయాలట.

నెమ్మదిగా చదివి వినిపించాను.

"పనికిరానిదా?" అందామె. "మొన్ననే గదా కందులు కోసినం. మా అత్త కాలం నుంచి దాని మీదనే బతుకుతున్నం. ఇంక యాడికి పోవాలె?"

కాగితం మడిచి ఆమెకిచ్చేశాను. పోలీసు క్యాంపు దగ్గర తనిఖీకి బస్సు ఆగగానే, ఆమె గబుక్కున కాగితం దాచుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ మాట నాదేనని ఆమెకు తెలిసిపోతుందేమోనని నేను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాను.

దిగేముందు అంది, "గా మాట రాసినోళ్లు నీకు ఎరికైతే, ఒక్కసారి మా చేను చూసి పొమ్మను బిడ్డా."

"చెప్తాను" అన్నాను. ఏ ఊరని మాత్రం అడగలేదు. అడిగితే వెళ్లాల్సి వస్తుందని భయపడ్డాను.