నీటికోడి ఎత్తు

న్యూజిలాండ్‌లో టకానిని అనే ఊరికి వెళ్లే రైల్లో కూర్చుని, ఆ ఉదయం చిత్తడినేలలో తీసిన పుకేకో పక్షుల ఫొటోలు ఒక్కొక్కటే డిలీట్ చేస్తున్నాను. ఎర్రముక్కు, నీలం ఒళ్లు, వెనక నల్లటి పిల్లలు, అన్నీ స్పష్టంగానే ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ జీవం లేదు. ఆ వసంతంలో ప్రతి శనివారం ఇదే తంతు. కెమెరా అమ్మేద్దామన్నంత విసుగొచ్చింది.

నేనంతకుముందు ఫోన్లో తెలుగు మాట్లాడటం విన్నారేమో, పక్కసీట్లోని పెద్దావిడ తొంగిచూశారు. చీర మీద స్వెటర్ వేసుకున్నారు.

"ఇది మా చేలో నీటికోడే కదా బాబూ. నారంతా పీకేసేది, దొంగది."

"అదే అయ్యుంటుంది ఆంటీ. ఎన్ని తీసినా ఫొటో కుదరట్లేదు."

"నిలబడి తీశావా?"

"అవును."

"అదీ సంగతి. మేం నాట్లేసేటప్పుడు దాని మొహం మా మొహానికి ఎదురుగా ఉండేది."

అంటూనే లేచి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, కదులుతున్న రైల్లో నాటేస్తున్నట్టు నడుం వంచి చూపించారు. ఎదుటి సీట్లోని కివీ పెద్దాయన ఆవిడదేదో పడిపోయిందనుకుని, తనూ వంగి సీట్ల కింద వెతకడం మొదలుపెట్టాడు.

ఆవిడ పేరు అడగనేలేదు. ఇప్పుడు నా ఫొటోల్లో పుకేకోలు సూటిగా కళ్లలోకి చూస్తాయి. ఏ లెన్స్ వాడావని ఎవరైనా అడిగితే, బురదపట్టిన నా ప్యాంటు మోకాళ్లు చూపిస్తాను.