మా ఇంటాయన పేరిట తెరిచిన గది

దయ్యం ఉందని ఒప్పుకుంటే దానికీ ఒక ముద్ద తీసిపెట్టాలి. గుమ్మానికి నిమ్మకాయలు కట్టాలి, మంత్రగాణ్ని పిలవాలి. ఆ ఖర్చు నేనేనాడూ ఒప్పుకోలేదు. మా వాడలో ఎవరికి గాలి సోకిందన్నా, ముందు కడుపు నిండా అన్నం పెట్టండి, తర్వాత చూద్దాం అనేదాన్ని. ఇప్పుడూ నాది అదే మాట. అందుకే ఈ సంగతి చెప్పడానికి కొంచెం మొహమాటంగా ఉంది.

ఎనభైలు ముగిసిపోతున్న రోజులు. వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. మా ఇంటాయన పోయి అప్పటికి కొన్నేళ్లయింది. పెద్దకొడుకు రాజేశం అమ్మకాలు చూసుకునేవాడు. చిన్నకొడుకు మగ్గం మీద కూర్చునేవాడు. వాడి పెళ్లాం సరళ కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. మా అల్లుడు మోహన్ హనుమకొండలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. ఎక్కడో ఒక ఆఫీసు మూసేస్తుంటే వాళ్ల పాత కంప్యూటర్‌ను తెచ్చి మా ముందు గదిలో పెట్టించాడు.

నాకది నచ్చలేదు. అన్నం వండదు, నూలు చుట్టదు, కరెంటు మాత్రం తాగుతుంది. కానీ నెల తిరిగేసరికి ఇంట్లో అందరికీ అదే కావాల్సొచ్చింది. రాజేశం అందులో బిల్లులు కొట్టేవాడు. సరళ గళ్ల కాగితం మీద వేసే డిజైన్లను తెరమీద వేయడం కనిపెట్టింది. రంగు పోగు వచ్చేచోట ఇంగ్లీషు ఎక్స్ గుర్తు, రానిచోట చుక్క. ఆ వరసలను అచ్చు తీసి మగ్గానికి తగిలిస్తే చూసి నేసుకోవచ్చు. రాజేశం కూతురు స్వప్న మాత్రం పాము ఆట ఆడేది.

ముగ్గురూ ఒకేచోట దాచుకోవడంతో ఒకరు దాచినదాని మీద ఇంకొకరిది పడి తుడిచిపెట్టుకుపోయేది. రోజూ పంచాయితీయే.

"నా బిల్లులు ఎవరు తుడిచిండ్రు?" అని రాజేశం.

"నేను పామునే ఆడిన బాపూ, బిల్లులు ముట్టలే," అని స్వప్న.

"పాము మింగిందేమో చూడుండ్రి బావా," అని వెనక నుంచి సరళ.

మగ్గం కింద కాళ్లకు గుంట తవ్వుకుని నేసే ఇళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి గుంటలో వాళ్లే కాళ్లు పెట్టాలి. ఒకరి చేతి బిగువు ఇంకొకరికి రాదు, నేత పాడవుతుంది. మోహన్ వచ్చినప్పుడు అదే చెప్పాను.

"దీన్ల గుడ గుంటలు తవ్వు అల్లుడా. ఎవలది వాళ్లకు."

మోహన్ నవ్వాడు. "తవ్వుత అత్తమ్మా. ఒక్కొక్కలకు ఒక్కో గది. ఎవరి గదికి వాళ్లదే తాళం మాట. ఆ మాట కొడితేనే తెరుచుకుంటది," అన్నాడు.

మా కార్ఖానాలో వాకిలి పక్కనున్న మొదటి గుంట ఇంటి యజమానిది. మా ఇంటాయన పోయాక కూడా అందులో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. మగ్గానికి కొత్త పడుగు నూలు ఎక్కించిన రోజు ముందు అక్కడ ఊదుకడ్డీ వెలిగించి, తర్వాతే మిగతా మగ్గాలు మొదలుపెడతాం. కంప్యూటర్‌లో గదులు పంచుతున్నప్పుడు కూడా మొదటిది ఆయన పేరిట పెట్టమన్నాను.

"నాయన టీవీ గుడ సరిగ చూడలేదు అమ్మా, ఆయనకు కంప్యూటరెందుకు?" అన్నాడు రాజేశం.

"నీకేమన్న జాగ తక్కువైందా?" అన్నాను.

ఆయన పేరు నేను నోటితో పలకను. మోహన్ 'పెద్దాయన' అని రాశాడు. తాళం మాట నన్నే కొట్టమని, తను మొహం పక్కకు తిప్పుకున్నాడు. నా చదువు రెండో తరగతితో ఆగింది. ఇంగ్లీషు అక్షరాలు రావు. చేతికందిన మీటలు కొన్ని నొక్కాను. ఏవి నొక్కానో లేచేలోపే మర్చిపోయాను. ఖాళీ గది తాళం పోతే ఏం నష్టంలే అనుకున్నాను.

ఆ తర్వాత హైదరాబాద్ నుంచి ఒక వ్యాపారి వచ్చి, పెద్ద వేదిక మీద పరిచే జంపఖానా కావాలన్నాడు. డిజైన్ కాగితం మీద చూపించాలి, నచ్చితే వరసగా పని ఇస్తాడు. నేను సరళకు ఖండితంగా చెప్పాను. ఈ పని వస్తే కంప్యూటర్ ఉంటుంది. రాకపోతే అమ్మేస్తాను, నువ్వు మళ్లీ నూలు కండెలు చుట్టాలి. ఆ పిల్లకు డిజైన్లు వేయడమంటే ప్రాణం. మొహం చిన్నబోయింది కానీ, "సరే అత్తమ్మా," అంది.

రేపు వ్యాపారి వస్తాడనగా చివరి అంచు ఒక్కటే మిగిలింది. ఆ మధ్యాహ్నం అప్పటివరకు వేసింది దాచుతుండగానే కరెంటు పోయింది. నేను కంప్యూటర్ ఉన్న గదికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. కంప్యూటర్ వచ్చినప్పటి నుంచీ నా అలవాటది. నేను లేకుండా ఎవరూ మీట వేయకూడదు.

దీపాలు పెట్టే వేళకు కరెంటొచ్చింది. తాళం తీశాను. సరళ తన గది తెరిచి చూస్తే పువ్వులూ లేవు, గళ్లూ లేవు. తెర నిండా పిచ్చి గుర్తులు. అన్ని రోజుల పనీ పోయింది. ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

కుర్చీ ముందుకు జరుపుకుని అంది, "నా గది ఖరాబైంది అత్తమ్మా. మామయ్య గది ఖాళీగనే ఉన్నది గద, అండ్ల మల్ల మొదలుపెడుత. ఎంతయితే అంతైతది. తాళం మాట చెప్పుండ్రి."

నాకెక్కడ గుర్తు? ఆమెను జరగమని, ఒక వేలితో తోచిన మీటలు నొక్కాను. గది తెరుచుకుంది.

లోపల ఏదో ఒకటి దాచి ఉంది. సరళ దాన్ని తెరిచింది. తన డిజైనే. పైనుంచి కిందిదాకా ఒక్క గడి చెదరకుండా ఉంది. ఆమె ఇంకా మొదలే పెట్టని చివరి అంచు కూడా, మెట్లు మెట్లుగా, పూర్తిగా వేసి ఉంది.

"ఇది నేను వెయ్యలే అత్తమ్మా," అంది చిన్న గొంతుతో.

నేను కింది మూల చూశాను. ఎడమ పక్క చివరి మెట్టులో ఒక గడి ఖాళీగా ఉంది. దిష్టి తగలకుండా మా ఇంట్లో ప్రతి జంపఖానాకూ ఒక గడి వదిలేస్తాం. అందరం కుడి మూలలో వదులుతాం. ఎడమ మూలలో వదిలేది మా ఇంటాయన ఒక్కరే. ఆయనది ఎడమచేతి వాటం. సరళ ఆయన్ను చూడను కూడా చూడలేదు.

"ముందు అచ్చు తియ్యే, మల్ల కరెంటు పోతది," అన్నాను.

తెల్లారి వ్యాపారి కాగితం చూసి, అంచు మీద వేలు పెట్టి, ఇదే కావాలన్నాడు.

ఆదివారం మోహన్ వచ్చి అన్నీ వెతికాడు. కరెంటు పోయినప్పుడు డిజైన్ ఒక గదికి బదులు ఇంకో గదిలో పడి ఉంటుందన్నాడు. మరి వేయని అంచు సంగతేమిటని అడిగాను. "నువ్వే వేసి మర్చిపోయినవేమోనమ్మా," అన్నాడు సరళతో.

"తాళం మాట మర్చిపోయినట్టా అన్నయ్యా?" అంది సరళ. అందరూ నన్ను చూసి నవ్వారు. మోహన్ ముందు మళ్లీ నొక్కి చూపిద్దామని ఎన్ని తీర్ల ప్రయత్నించినా ఆ గది నాకు తెరుచుకోలేదు.

వాడలో వాళ్లు, ఆయనే వచ్చి వేశాడన్నారు. నాకు మనసొప్పలేదు. బతికినన్నాళ్లూ ఏ పనీ చెప్పిన రోజుకు మగ్గం మీంచి దించని మనిషి. గడువు దాటాక వ్యాపారి వస్తే వెనక వాకిలి నుంచి చల్లగా జారుకునేవాడు. అట్లాంటాయన పోయాక, కంటితో చూడని మిషన్ మీద, ఒక్క పూటలో పని ముగించాడంటే ఎట్లా నమ్మేది? ఆయన కాకపోతే ఆ ఎడమ మూల గడి ఎవరు వదిలినట్టు?

సరళ మళ్లీ కండెలు ముట్టలేదు. కూలికి మనిషిని పెట్టడం ఇష్టం లేక నేనే చుట్టాను. నా ఇంట్లో ఎవరు ఒక పూట పని చేసినా అన్నం తినకుండా పోనిచ్చేదాన్ని కాదు. ఆ మధ్యాహ్నం తాళం వేసిన గదిలో పని చేసిందెవరో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిస్తే విస్తరి వేసేదాన్ని.