సుజాత పిన్ని ఒంటికాలి యుద్ధం

మా చిన్నప్పుడు అమీర్‌పేటలో... పొద్దున్నే పాలవాడి కంటే ముందు మా డాబా మీంచి "హాయ్‌య్" అన్న అరుపులు వినిపించేవి. కింద పోర్షన్ వాళ్ళు మొదట్లో ఎవరో మెట్ల మీంచి పడ్డారనుకునేవారు. తర్వాత అలవాటుపడ్డారు... అది తైక్వాండో క్లాసు.

అప్పుడు నేను ఏడో తరగతి. మా అమ్మ చెల్లెలు సుజాత పిన్ని జావా నేర్చుకోవడానికి తణుకు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉండేది. ఆ రోజుల్లో డిగ్రీ పాసైన ప్రతివాళ్ళూ అమీర్‌పేటలోనే బస్సు దిగుతున్నారా అన్నట్టుండేది... గోడ మీద జానెడు ఖాళీ కనిపిస్తే కోర్సుల పోస్టరే. తాతయ్యకి పిన్నిని పంపడం ఇష్టం లేదు. "ఏ చిన్న గొడవ జరిగినా మర్నాడే బస్సెక్కి వచ్చెయ్యాలి" అన్న షరతు మీద ఒప్పుకున్నారు.

ఆ గొడవ రాకూడదనే నాన్న పిన్నినీ నన్నూ కలిపి క్లాసులో చేర్పించారు. నేర్పేది యాదగిరి మాస్టారు... బోరబండ నుంచి సైకిల్ మీద వచ్చేవారు.

అమ్మ మా తెల్ల డ్రెస్సులకి గంజి పెట్టేది. దాంతో కాలు విసిరిన ప్రతిసారీ బట్ట ఫట్‌మని మోగేది. అది మా దెబ్బలోని బలమే అనుకున్నాం ఇద్దరం... గ్రీన్ బెల్టు వచ్చేసరికి పిన్ని నడకే మారిపోయింది. బస్సులో సీటు కోసం కూడా ఎవరితోనూ వాదించేది కాదు. పాపం, తన చేతిలో దెబ్బ తింటారని జాలి.

ఒకరోజు సాయంత్రం పంజాగుట్టలో బట్టలు కొనుక్కుని ఇద్దరం సందుల్లోంచి నడిచి వస్తున్నాం. ఎదురుగా వస్తున్న ఒక సన్నటి మనిషి, పక్కనుంచి పోతూ పోతూ పిన్ని మెడలో గొలుసు పట్టి లాగాడు. అమ్మమ్మ గొలుసు అది... తెగి అతని చేతిలోకి వెళ్ళిపోయింది.

పిన్ని టక్కున అతని చొక్కా పట్టుకుంది. అంతవరకూ బాగానే ఉంది... కానీ డాబా మీద తన్నే ముందు రెండడుగులు వెనక్కి వేసి, పిడికిళ్ళు బిగించి నిలబడటం అలవాటు. పిన్ని అదే చేసింది. పట్టుకున్న చొక్కా వదిలేసి మరీ నిలబడింది.

నిజానికి అతను పారిపోవాలి. ఈవిడ ఏం చేస్తోందో అర్థంకాక ఆగి చూశాడు.

పిన్ని కాలు లేపింది. ఆ తన్ను చెవి దాకా వెళ్ళాలి. ఒంటి మీదున్నదేమో బిగుతు చుడీదార్... కాలు మోకాలి ఎత్తుకి లేచి ఆగిపోయింది. చెప్పు మాత్రం ఎగిరి జిరాక్స్ షాపు బోర్డుకి తగిలింది. పిన్ని ఒంటికాలి మీద ఊగి ఊగి వెనక్కి ఒరిగిపోతుంటే...

ఆ దొంగే గబుక్కున మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"అరె, పడ్తవక్కా... జర చూస్కో."

ఎందుకు పట్టుకున్నాడో అతనికీ తెలిసినట్టు లేదు. పట్టుకున్నది గొలుసున్న చేత్తోనే. నేను ఆ చేతి మీద పడి గొలుసు లాగేసుకున్నాను. పిన్ని రోజూ డాబా మీద అరిచే అరుపు అరిచింది... సందు సందంతా తిరిగి చూసింది. కోర్సుల బ్యాగులు తగిలించుకున్న కుర్రాళ్ళు నాలుగు వైపుల నుంచీ పరుగెత్తుకొచ్చారు. అతను ఏ సందులో దూరాడో మరి కనిపించలేదు.

మర్నాడు పిన్ని మాస్టారి ముందు నిలబడింది. "ఇన్నాళ్ళు నేర్చుకున్నాను మాస్టారూ. అవసరమైనప్పుడు ఒక్క తన్నూ తగల్లేదు. ఇది పోటీలకేనా, రోడ్డు మీద పనికిరాదా?"

నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు. "గీడ నీ ఎదురుంగ నిలబడెటోడు దండం పెట్టినంకనే కొడ్తడు. గల్లీల వచ్చెటోడు పెడ్తడా? ఇంతకూ పట్టుకున్న చొక్క ఎందుకు ఇడిశినవమ్మా?"

"పొజిషన్ తీసుకుందామని..."

మాస్టారు కాసేపు ఆకాశం వైపు చూశారు. "గల్లీల పొజిషన్ ఏం ఉండదు. ఒర్రాలె, గట్టిగ అరవాలె... ఇడిపించుకోని ఉరకాలె. తన్నుడు ఆఖరి ముచ్చట. గొలుసు పోతే పోనియ్యి, నువ్వు ఇంటికి రావాలె."

"అయితే నేర్చుకున్నదంతా దండగేనా?"

"గప్పుడు వణికినవా?"

పిన్ని ఆలోచించింది. "లేదండీ. ఇంటికొచ్చాక వణికాను."

"గంత మటుకు పనిచేసింది మరి."

ఆ ఆదివారం నుంచి మాస్టారు పద్ధతి మార్చారు. మామూలు బట్టలతో, చెప్పులతో, చేతి సంచులతో రమ్మన్నారు. చూడ్డానికి వచ్చిన అమ్మనీ వదల్లేదు. "నేను మీ మీదికొస్తున్న, ఏం చేస్తరు?" అని ముందుకు వచ్చారు. అమ్మ ఏమీ ఆలోచించలేదు... చేతిలో ఉన్న కూరల సంచి తిప్పి కొట్టింది. అందులో లేత ఆనపకాయ ఉంది. మాస్టారు పిట్టగోడకి ఆనుకుని కూర్చుని, "మేడమ్‌కు క్లాస్ అక్కరలేదు" అన్నారు.

ఇక తాతయ్య సంగతి... దాచేద్దామంది అమ్మ. పిన్ని ఒప్పుకోలేదు. తనే ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. అటునుంచి రాత్రి బస్సుకి బయల్దేరమని కేకలు.

"గొలుసు పోలేదు, నాకేమీ కాలేదు నాన్నగారూ. కోర్సు అయ్యాకే వస్తాను."

కేకలు తగ్గాయట. తర్వాత తాతయ్య నెమ్మదిగా "చెప్పు దొరికిందా" అని అడిగారట... ఫోన్ పెట్టేసి పిన్ని ఏడ్చింది, నవ్వింది కూడా. కోర్సు పూర్తిచేసింది. ఇక్కడే ఉద్యోగమూ తెచ్చుకుంది.

మొన్న అటు వెళ్ళాను. మా ఇంటి చోట ఐదంతస్తుల హాస్టల్ లేచింది... డాబాకి తాళం. ఇప్పుడు పిల్లలకి ఏసీ గదుల్లో, నిలువుటద్దాల ముందు క్లాసులు. మంచివే, కాదనను. కానీ ఎదురు డాబా వాళ్ళు కాఫీ గ్లాసులు పట్టుకుని పిట్టగోడ దగ్గర నిలబడి, "కాలు ఇంకొంచెం లేపమ్మా" అని ఉచిత సలహాలిచ్చే క్లాసులు ఇప్పుడెక్కడున్నాయి...

మీరు మీ డాబాల మీద ఏ విద్య నేర్చుకున్నారు? వీధిలోకొచ్చాక అది ఎంతవరకు ఆదుకుంది?