అత్త తలలో దర్వాను

మొన్న మంగళవారం పొద్దున మా అత్త చనిపోయింది. నేను బడిలో మూడో తరగతికి ఎక్కాలు చెబుతుండగా పక్కింటి పిన్ని వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆమె నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. నిజం చెప్పాలంటే ముందు ఏడుపు రాలేదు. ఆరేళ్ళుగా ఆమె మంచం మీదికి వంగి ఉన్న నా నడుము బెంచీ మీద కూలబడింది, అంతే.

కలకత్తా పక్కన బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లు వెనక కూలీల లైన్లలో మా ఇల్లు. మా మామ శ్రీకాకుళం నుంచి వచ్చి ఆ మిల్లులోనే పనిచేసి కాలం చేశాడు. మిల్లుకి తాళం పడి, గేటు ముందు ఎర్ర జెండాలు పాతిన ఏడాదే అత్తకి పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పడిపోయింది. కొన్ని వారాలకి చెయ్యీ కాలూ కాస్త కదిలాయి గానీ, అప్పటి నుంచే మంట మొదలైంది. చీర చెంగు తగిలినా మంట. చన్నీళ్ళు పోస్తే నిప్పులు పోసినట్టు మూలిగేది. చూస్తే ఒంటి మీద బొబ్బ లేదు, ఎరుపు లేదు.

"ఆవనూనెలో ఎల్లిపాయలేసి కాసి, రోజూ గట్టిగా రుద్దమ్మా. నరాలు లేస్తాయి" అంది పిన్ని. ఈ ఊళ్ళో అన్నిటికీ ఆవనూనే మందు. రోజూ బడికి వెళ్ళేముందు మంచం పక్కన కూర్చుని ఎడమ చెయ్యి, ఎడమ కాలు రుద్దేదాన్ని. "ఒగ్గీయే అమ్మీ, సచ్చిపోతన్నాను" అనేది అత్త. ఇంత చాకిరీ చేస్తున్నా ఈ వంకలేమిటని పళ్ళు బిగించి ఇంకా గట్టిగా రుద్దేదాన్ని. ఎనిమిది నెలలు అలా రుద్దాను.

చివరికి నేనూ మా ఆయనా ఆమెని సియాల్దా లోకల్ రైలు ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. కుర్ర డాక్టరు, బెంగాలీ అబ్బాయి, దూది ముక్కతో ఆమె ఎడమ చేతిని తాకాడు. అత్త కెవ్వుమంది. అతను ఆసుపత్రి చీటీ వెనక మెదడు బొమ్మ గీసి, నట్టనడుమ పక్కపక్కనే రెండు గుడ్లు పెట్టాడు. పావురం గుడ్లంత ఉంటాయట. థాలమస్ అంటారట. చూపు, వినికిడి, స్పర్శ, నొప్పి అన్నీ ముందు అక్కడికి చేరి, అక్కడి నుంచే పై మెదడుకి వెళతాయట. కుడివైపుది ఒంటి ఎడమ పక్కని చూసుకుంటుందట. అత్తకి దెబ్బతిన్నది అదే. ఒక్క వాసన మాత్రం ఆ గుడ్ల దగ్గర ఆగకుండా వేరే దారిన నేరుగా పోతుందట.

"మంట అబద్ధం కాదు దిదీ. ఆవిడకి అది నిజంగానే మంట" అన్నాడు. ఇక రుద్దొద్దన్నాడు. మందులు రాశాడు గానీ, పూర్తిగా తగ్గుతుందని మాత్రం అనలేదు.

తిరుగు రైల్లో అత్త అడిగింది. "ఏటన్నాడే ఆ డాక్టరు?"

"మన మిల్లు గేటు దగ్గర దర్వాను ఉంటాడు కదత్తా. ఎవరొచ్చినా వాణ్ణి దాటాలి, వాడు చెబితేనే లోపల ఆఫీసుకి తెలుస్తుంది. నీ తలలోనూ ఒక దర్వాను ఉన్నాడట. వాడికి దెబ్బ తగిలింది."

"అయితే దర్వానుకి పిచ్చెక్కిందన్నమాట. నీల్లొస్తే నిప్పొచ్చిందని అరుస్తన్నాడు" అంది అత్త.

"మరి ఇన్నాళ్ళూ అంత మంట పుట్టేలా రుద్దినా నన్ను తన్నలేదేం అత్తా?"

"సెప్పేను కదే. నువ్వు ఇన్నేదు."

ఆ తర్వాత అత్త ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

అప్పటి నుంచి ఎప్పుడూ కుడి పక్కనే కూర్చునేదాన్ని. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసి, ఎడమ పక్క మీద చెయ్యి పడకుండా చెంబుతో మెల్లగా వంపేదాన్ని. మంట తగ్గిన రోజు, "ఈయాల దర్వాను తొంగున్నాడు, అలికిడి సెయ్యకే" అని నవ్వేది. దర్వాను చేతికి చిక్కని వాసనల్ని మాత్రం పూర్తిగా నమ్మేది. మామ ఖాకీ చొక్కా దిండు కింద ఉండేది, దాంట్లో మిల్లు నూనె వాసన ఇంకా పోలేదు. నేను బడి నుంచి రాగానే కళ్ళు తెరవకుండానే, "సుద్దముక్కల వాసనొస్తంది, అమ్మీ వచ్చీసింది" అని కుడి చెయ్యి చాపేది. నా వేళ్ళు పట్టుకుని ముక్కు దగ్గరికి లాక్కునేది.

విసుగు రాలేదని చెప్పను. వంట, బడి, ఆమె బట్టలు, మళ్ళీ వంట. కొన్నిరోజులు ఆ మంచం దగ్గరికి కాళ్ళు వచ్చేవి కావు. కానీ ఆమె మంట అంటే మళ్ళీ ఒక్కసారి కూడా వంక అనుకోలేదు. బడిలో పిల్ల కడుపునొప్పి అంటే ఇప్పుడు ముందు నమ్ముతాను, తర్వాత అడుగుతాను. నాకది నేర్పింది మా అత్తే. ఆలస్యంగా నేర్చుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం అత్తని వాకిట్లో ఆఖరి స్నానానికి పడుకోబెట్టారు. పిన్ని నూనె గిన్నె నా చేతికిచ్చి, "కోడలివి, ముందు నువ్వే రాయాల" అంది. తలకి పెట్టాను. కుడి చేతికి, కుడి కాలికి రాశాను. గిన్నె కింద పెట్టేశాను.

"ఏటమ్మా, ఎడం పక్క ఒగ్గీసేవు?"

అరచేతిలో నూనె పోసుకున్నాను. తర్వాత భుజం నుంచి వేళ్ళ దాకా, రుద్దకుండా, ఒక్కసారి చెయ్యి జార్చాను. తల ఎత్తి ఆమె ముఖం చూశాను. కనుబొమలు ముడుచుకోలేదు.