మామ కుడికాలి చప్పుడు

మా మేనమామ పోయాడని ముదిగుబ్బ నుంచి ఫోను వచ్చేటప్పటికి నేను ప్రార్థన కూటంలో వాక్యం చదువుతున్నాను. మరణానికి భయపడొద్దని గొంతు చించుకుంటున్నవాణ్ణి, వాక్యం సగంలో వదిలేసి బస్టాండుకు పరుగెత్తాను.

ఆయన గొర్రెల కాపరి. ఏ జీవం డీలాపడినా వెనక తొడ లోపల వేళ్లు పెట్టి నాడి చూసేవాడు. చూసినంతసేపు పెదవి మీద బీడీ కదిలేది కాదు. "మీ దేవుడూ కాపరేనంటివి కదప్పా, ఆయప్పకు కాళ్లు నొయ్యవా?" అని నన్ను ఎకసెక్కమాడేవాడు.

పోయిన వేసవిలో ఆయన పిక్కలు పట్టేయసాగాయి. నడిస్తే నొప్పి, నిలబడితే మాయం. బతిమాలి అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాను. నర్సమ్మ చేతికి బీపీ చూసినట్టే చీలమండ పైనా పట్టీ చుట్టి గాలి కొట్టింది. మామ దిగ్గున లేచి కూర్చున్నాడు.

"నన్నేమన్నా పాము కరిచిందా పాపా? విషం ఎక్కకుండా కడతాండావు!"

"పాము లేదు, సూది లేదు, కోత లేదు పెద్దాయనా. చేతిలో మాదిరే కాలిలోనూ రక్తం జోరుగా పోతాందా లేదా అని చూస్తాండా."

పాదం మీద చల్లని జెల్లీ రాసి, కలంలాంటి పరికరం ఆనించింది. ఎడమకాలు సుయ్ సుయ్‌మని మోగింది. కుడికాలు మోగలేదు. చెవులు రిక్కిస్తే, ఎండుగడ్డిలో గాలిలాంటి చప్పుడు.

"అది నిద్రపోతాందిలే, లేపద్దు," అని నవ్వాడు మామ. చేయి మాత్రం నా చొక్కా వదల్లేదు.

రక్తం దారి పూడుకుపోతోంది, బీడీ మానాలి, వెంటనే వైద్యం మొదలుపెట్టాలి అన్నాడు డాక్టరు. మామకు వినబడింది ఒక్కటే, కాలు తీసేస్తారని. ఆ మాట ఎవరూ అననే లేదు! "కాలు లేని కాపరి యెనక ఏ గొర్రె వస్తాది అల్లుడా?" అన్నాడు. ఎంత పిలిచినా మళ్లీ రాలేదు. బొటనవేలు నల్లబడితే గుడ్డ చుట్టి దాచాడు. ఏ పామూ కరవకుండానే, ఆ వేలి పుండు విషం ఒళ్లంతా ఎక్కింది.

అయ్యలారా, అమ్మలారా, నడిస్తే పట్టేసే పిక్క ఇంట్లో ఎవరికున్నా చూపించండి. కోత లేని పరీక్ష అది. ఇన్నాళ్లూ నరకం చెప్పి మిమ్మల్ని భయపెట్టినవాణ్ణి, ఇప్పుడు నేనే వణుకుతూ చెబుతున్నాను.

మామ చివరి స్నానంలో పాదాలు నా వంతుకొచ్చాయి. ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతి ఎన్ని ఊళ్లలో చెప్పానో! నీళ్లు పోస్తూ, తెలియకుండానే నాడి కోసం కుడిపాదం మీద రెండు వేళ్లు ఆనించాను. దొడ్డిలో అంతసేపూ అరుస్తున్న గొర్రెలు ఉన్నట్టుండి ఊరుకున్నాయి. నేను వేళ్లు తీయలేకపోయాను.